రేవు పోయి బీచ్ మిగిలిన ఊరు: భీమిలి

సభకు నమస్కారం.

భీమిలి చరిత్ర గురించి మాట్లాడమని మీరు అడిగినప్పుడు నాకు ముందుగా తట్టినది తారీఖులూ కోటలూ కాదు, ఒక చిన్న మాట తేడా. మా చిన్నతనంలో సాయంత్రం పూట సముద్రం వైపు పరుగు తీస్తుంటే మా నాయనమ్మ వీధి అరుగు మీద నుంచి "రేవు కాడికి పోతన్నావేటిరా, పొద్దు గూకేలోపు వచ్చెయ్" అని కేకేసేది. ఆమె నోట బీచ్ అన్న మాట నేను ఏనాడూ వినలేదు. ఇప్పుడు మా మనవలు సెలవులకు వస్తే "తాతయ్యా, బీచ్‌కి వెళ్దాం" అంటారు. చోటు అదే, ఇసుక అదే, అలలూ అవే. కానీ రేవు అంటే పని జరిగే చోటు, బీచ్ అంటే పని మానుకొని వెళ్ళే చోటు. ఈ ఊరి చరిత్ర అంతా ఈ రెండు మాటల మధ్యనే జరిగిందని నా అభిప్రాయం. విశాఖ నుంచి పాతిక కిలోమీటర్లు కారులో వచ్చి, గంటసేపు అలలు చూసి, మొక్కజొన్న పొత్తు తిని తిరిగి వెళ్ళేవారు భీమిలిని ప్రశాంతమైన ఊరు అని మెచ్చుకుంటారు. ఆ ప్రశాంతత ఎక్కడి నుంచి వచ్చిందో వారికి ఎవరూ చెప్పరు. అది ఒక పెద్ద వ్యాపారం ఆగిపోయిన తర్వాత మిగిలిన నిశ్శబ్దం.

ముందు ఊరు ఉన్న చోటు చూద్దాం. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహలను తొలిచి, తాటిపూడి జలాశయంలో నిలిచి విశాఖ నగరానికి కొంత తాగునీరు ఇచ్చి, చిట్టివలస మీదుగా వచ్చే గోస్తని నది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. గోస్తని అంటే ఆవు పొదుగు. బొర్రా గుహలలో శివలింగం మీద ఆవు పొదుగులా వేలాడే రాతి నుంచి ఈ నది పుట్టిందని అక్కడి కథ. నది ముఖద్వారం, దాని పక్కనే గాలిని కొంత అడ్డుకునే కొండ, కొండ దిగువన ఊరు: పాతకాలపు ఓడలవాడికి కావలసినవి ఇవే. అయితే నదీ ముఖంలో ఎప్పుడూ ఇసుక మేట వేసి ఉంటుంది కాబట్టి పెద్ద ఓడ లోపలికి రాలేదు, దూరంగా లంగరు వేసుకొని నిలబడవలసిందే. ఈ ఒక్క లోపం తర్వాత ఎంత పని చేసిందో చివరకు వస్తాను.

ఆ కొండనే మనం పావురాళ్ళ కొండ అంటున్నాము. నరసింహస్వామి కొండ అని కూడా అంటారు. యాత్రికులు సాధారణంగా గుడి చూసి దిగిపోతారు గానీ, ఆ కొండ మీద క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దం మొదలుకొని క్రీస్తు తర్వాత రెండవ శతాబ్దం దాకా ఒక బౌద్ధ సంఘారామం ఉండేది. దాని ఆనవాళ్ళుగా ఇటుక పునాదులూ, వాన నీటిని పట్టి ఉంచడానికి రాతిలో తొలిచిన తొట్లూ మిగిలాయి. ఇదే తీరం మీద దక్షిణంగా ఉన్న తొట్లకొండకు ఆ పేరు రావడానికి కారణం కూడా ఇలాంటి తొట్లే, బావికొండకు దాని బావులే. తొట్లకొండ తవ్వకాలలో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. భిక్షువులు ఊరి మధ్య కాకుండా ఇలా సముద్రానికి ఎదురుగా కొండల మీద ఎందుకు ఉన్నారని పిల్లలు అడుగుతుంటారు. ఏకాంతం ఒక కారణం కావచ్చు. కానీ ఓడ మీద వచ్చే వర్తకుడు దానం చేసేవాడు, వానాకాలం మూడు నెలలు భిక్షువు కదలకుండా ఒక చోట ఉండాలి, ఆ మూడు నెలలకు ధాన్యం కావాలి. కొండ కింద రేవు ఉంటే పైన విహారం నిలబడుతుంది. కొండ మీది తొట్టి, కొండ కింది లంగరు, రెండూ ఒకే ఏర్పాటులో భాగాలని నేను అనుకుంటాను.

ఊరి పేరు విషయంలో మనవాళ్ళు చెప్పేది భీముడి కథ. పాండవులు అజ్ఞాతంగా తిరుగుతున్నప్పుడు భీముడు ఇక్కడ బకాసురుణ్ణి చంపి, కొండ మీద నరసింహస్వామిని ప్రతిష్ఠించాడని, అందుకే ఇది భీమునిపట్నం అయిందని అంటారు. బకాసురుణ్ణి తమ ఊళ్ళోనే చంపాడని చెప్పుకునే ఊళ్ళు దేశంలో ఇంకా చాలా ఉన్నాయి, పాపం ఆ రాక్షసుడు ఎన్నిసార్లు చావాలి! దాని కోసం నేను ఎవరితోనూ తగవు పెట్టుకోను. భీమునిపట్నం ఇంగ్లీషువాళ్ళ నోట బిమ్లిపటం అయింది, మన నోట భీమిలి అయింది. ఊరి బోర్డు మీద ఏది రాసినా బస్సు కండక్టరు అరిచేది మాత్రం భీమిలి అనే.

పదిహేడవ శతాబ్దంలో ఇక్కడికి డచ్చివాళ్ళు వచ్చారు. మన పూర్వులు వారిని వలందులు అన్నారు. మచిలీపట్నంలో వలందపాలెం అనే పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. మచిలీపట్నం, పులికాట్లలో అప్పటికే స్థిరపడిన డచ్ ఈస్టిండియా కంపెనీకి భీమిలి ఉత్తరాన ఒక కొనుగోలు కేంద్రం. చుట్టుపక్కల ఊళ్ళ నేతగాళ్ళ బట్టలు, గోస్తని పరీవాహకంలో పండే బియ్యం వారికి కావాలి. ఒక చోట బట్ట కొని, దానితో జావా, మొలుక్కా దీవులలో మిరియాలూ లవంగాలూ కొని, వాటిని యూరప్‌లో అమ్మడం వారి వ్యాపారం. అంటే మన మగ్గం మీది బట్ట వారికి డబ్బులాంటిది. ఊళ్ళో వారి శ్మశానం ఇంకా ఉంది. శిఖరంలా పైకి సన్నబడే సమాధులు, గుమ్మటాలు, డచ్చి భాషలో చెక్కిన పలకలు చూడవచ్చు. ఆ సమాధులలో చాలావరకు ఇక్కడి వాతావరణానికి తట్టుకోలేక తక్కువ వయసులో పోయినవారివి. వాటిని చూసి జాలిపడటం సహజమే. కానీ కరువు ఏళ్ళలో ఇదే కోరమాండల్ తీరం నుంచి అదే కంపెనీ వేలమంది మనుషులను బానిసలుగా కొని బటావియాకూ (నేటి జకార్తా) సింహళానికీ ఓడలెక్కించిందన్న సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి. వారికి సమాధులు లేవు, పలకలు లేవు. ఈ మధ్య "డచ్ వారసత్వం" అని మురిసిపోతూ వేసే కరపత్రాలలో ఈ వాక్యం ఒక్కటి చేర్చితే బాగుంటుందని నేను చాలాసార్లు అన్నాను.

1754లో నాగపూరు మరాఠాలు ఈ ప్రాంతం మీదికి వచ్చారు. నేటి కోస్తా జిల్లాలైన ఉత్తర సర్కారులు ఫ్రెంచివారికి దక్కాయన్న కోపంతో శ్రీకాకుళం ఫౌజుదారు, అంటే అక్కడి పాలనాధికారి, జాఫర్ అలీ వారిని పిలిపించాడు. వచ్చినవారు విజయనగరం రాజ్యాన్ని దోచి, పనిలో పనిగా భీమిలిలోని డచ్చివారి స్థావరాన్ని కూడా కొల్లగొట్టిపోయారు. ఆ తర్వాత యూరప్‌లో ఇంగ్లండుకూ హాలండుకూ యుద్ధం వచ్చినప్పుడల్లా ఈ ఊరు చేతులు మారి, మళ్ళీ సంధి కుదరగానే వెనక్కి వెళ్ళేది. చివరకు 1824 నాటి ఒప్పందం ప్రకారం 1825లో డచ్చివారు భీమిలిని శాశ్వతంగా ఇంగ్లీషువారికి వదిలేశారు. ఎక్కడో లండన్‌లో సంతకాలు జరిగితే ఇక్కడ జెండా మారింది. వల లాగేవాడికి ఆ రోజుకూ మరుసటి రోజుకూ తేడా తెలిసి ఉండదు.

ఊరికి నిజమైన సంపద వచ్చినది ఆ తర్వాత, పంతొమ్మిదవ శతాబ్దం మధ్య నుంచి. మన్యం నుంచి కరక్కాయలు, వలిసెలు, పల్లపు ఊళ్ళ నుంచి నువ్వులు, బెల్లం, నీలిమందు, తోళ్ళు ఎడ్లబళ్ళ మీద భీమిలి గిడ్డంగులకు చేరేవి. కరక్కాయ మనకు దగ్గు మందు, యూరప్ వాడికి తోళ్ళు పదును చెయ్యడానికి కావలసిన సరుకు. వీటన్నిటికంటే విచిత్రమైనది గోగునార కథ. మనం పచ్చడి చేసుకునే గోంగూరకు దాయాది అయిన గోగు మొక్క కాండాన్ని నీళ్ళలో నానబెట్టి, పీచు ఒలిచి, ఎండబెట్టి ఇక్కడి నుంచి ఎగుమతి చేసేవారు. ఆ నార ప్రపంచ మార్కెట్‌లో "బిమ్లి జూట్" అనే పేరుతోనే అమ్ముడుపోయింది, ఇంగ్లీషు నిఘంటువులలోకి కూడా ఆ పేరుతోనే ఎక్కింది. ఉత్తరాంధ్ర రైతు పెరట్లో పెరిగే మొక్కకు మన ఊరి పేరు పెట్టుకొని ఎక్కడెక్కడివాళ్ళో కొనుక్కున్నారు. ఈ నార మీదే చిట్టివలసలో గోనెసంచుల మిల్లు నడిచింది. తరాల తరబడి ఆ మిల్లు కూత విని చుట్టుపక్కల ఊళ్ళు పొద్దు లెక్క చూసుకునేవి. 2009లో అది మూతపడింది. మిల్లు కార్మికుల కుటుంబాలు ఈ సభలో కూడా ఉన్నాయి కాబట్టి ఆ సంగతి నేను చెప్పనక్కరలేదు.

సరుకు ఒడ్డుకు చేరడం ఒక పని అయితే, ఓడకు చేరడం దానికి పదింతల పని. ఓడ దూరాన లంగరు వేసి ఉంటుంది. మధ్యలో వరుసగా విరుచుకుపడే అలలున్నాయి. మేకులతో బిగించిన గట్టి పడవ ఆ అలలలో నేలకు కొట్టుకుంటే పగిలిపోతుంది. అందుకని మన తీరం వాళ్ళు మసూలా పడవ కట్టుకున్నారు. దానికి లోపల పక్కటెముకలు ఉండవు, ఇనుప మేకులు ఉండవు. పలకలను కొబ్బరి తాడుతో ఒకదానికొకటి కుట్టి, సందులలో గడ్డి కూరుతారు. అల వచ్చి తగిలినప్పుడు పడవ విరగదు, బుట్టలా వంగి మళ్ళీ నిటారవుతుంది. నీళ్ళు కారుతూనే ఉంటాయి, ఒకడు తోడుతూనే ఉంటాడు. గోనె బస్తాలూ, దొరల పెట్టెలూ, దొరసానులూ అందరూ ఈ కుట్టు పడవల మీద, మన జాలరుల చేతుల మీదుగానే ఓడ ఎక్కారు, దిగారు. వర్తకుల పేర్లు రాతి పలకల మీద ఉన్నాయి. ఆ పడవ నడిపినవాళ్ళ పేర్లు ఏ పలక మీదా లేవు.

మనుషులు కూడా ఈ రేవు నుంచే రంగం వెళ్ళారు. రంగూన్‌ను మన పెద్దలు రంగం అనేవారు. పంట లేని ఏడు, అప్పు తీరని ఏడు, భీమిలి, విశాఖ, కళింగపట్నం, కాకినాడ రేవుల నుంచి స్టీమర్ ఎక్కి బర్మా బియ్యపు మిల్లులలోనూ రంగూన్ ఓడరేవులోనూ కూలి చేసి, కొంత సొమ్ము కూడబెట్టుకొని తిరిగి వచ్చేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మా వాళ్ళు తెలుగువారందరినీ కోరంగీలు అన్నారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు ఆ దేశం నుంచి అడవుల గుండా కాలినడకన తిరిగి వచ్చినవారిలో మన జిల్లాల వాళ్ళు ఎందరో. ఈ తీరం ఊళ్ళలో పాత ఇళ్ళలో టేకు పెట్టెలు కనబడితే ఎక్కడివని అడిగి చూడండి.

ఇంత రాకపోకలున్న ఊరు కాబట్టే 1861లోనే ఇక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది. దేశంలో రెండవది అని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. వరుస సంఖ్య మీద నాకు పెద్ద పట్టింపు లేదు. ఆ రోజుల్లో ఇంత చిన్న ఊరు తన వీధి దీపాల గురించి, మురుగు కాలువల గురించి తానే కూర్చుని తీర్మానించుకోగలిగిందన్నదే అసలు విషయం. గంటస్తంభం, చర్చి, దీపస్తంభం, సున్నపు గోడల పెద్ద మేడలు అన్నీ ఆ డబ్బు నిలబెట్టినవే. 2013లో భీమిలిని మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపేశారు. నూటయాభై ఏళ్ళ పైబడిన పురపాలక సంఘం ఒక జోన్ అయింది.

అంత నడిచిన రేవు ఎందుకు ఆగింది? పంతొమ్మిదవ శతాబ్దం చివరి దశాబ్దంలో మద్రాసు, కలకత్తాలను కలిపే రైలుమార్గం వేసినప్పుడు అది వాల్తేరు నుంచి లోపలికి తిరిగి విజయనగరం మీదుగా వెళ్ళింది, భీమిలిని ముట్టుకోలేదు. మన్యం సరుకు అంతకు ముందు ఎడ్లబండి మీద సముద్రం వైపు దిగేది, ఇప్పుడు స్టేషన్ వైపు తిరిగింది. రెండో దెబ్బ 1933లో. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉప్పుటేరును తవ్వి, ఓడ నేరుగా గట్టుకు ఆనేలా విశాఖలో హార్బరు కట్టారు. ఆ ఏడాది అక్టోబరులో జలదుర్గ అనే ఓడ అందులోకి వచ్చింది, డిసెంబరులో వైస్రాయి విల్లింగ్‌డన్ దానిని లాంఛనంగా ప్రారంభించాడు. అంతకు రెండేళ్ళ ముందే రాయపూర్ - విజయనగరం రైలుమార్గం పూర్తయి మధ్య పరగణాల మాంగనీసు విశాఖకు దారి పట్టింది. ఓడ గట్టుకే ఆనుతున్నప్పుడు అలల మీద కుట్టు పడవలో బస్తాలు మోయించేవాడెవడు? మొదట్లో నేను చెప్పిన ఇసుక మేట చివరకు ఇలా లెక్క చెప్పింది. ఎవరూ భీమిలిని మూసివేయలేదు, సరుకు రావడం తగ్గుతూ వచ్చింది, గిడ్డంగులకు తాళాలు పడుతూ వచ్చాయి, అంతే.

రేవు పోయినా సముద్రాన్ని వదలనివాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు జాలరులు, రెండోవారు తీర్థానికి వచ్చే పల్లెజనం. ఈ తీరం మీద చేపలుప్పాడ, కాపులుప్పాడ అని రెండు ఊళ్ళున్నాయి. పేర్లే చెబుతాయి, ఒకరి బతుకు నీటి మీద, ఒకరిది నేల మీద. జాలరి పేటలలో గంగమ్మ తల్లికి చెప్పకుండా కొత్త పడవ నీళ్ళలోకి దిగదు. పడవ ముక్కుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, వేపమండలు కట్టి, కొబ్బరికాయ కొడతారు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం మరపడవల వేట నిషేధిస్తుంది కాబట్టి, జూన్ నడిమిలో మళ్ళీ వేటకు వెళ్ళే రోజు ఇప్పుడు పేటలో చిన్న పండుగ అయింది. పాత వేటగాళ్ళు ఒడ్డు కనబడుతున్నంత వరకు కొండలనే గుర్తు పెట్టుకొనేవారు. ఏ కొండ ఏ కొండ వెనుక దాక్కుంటే కింద రాతి నేల ఉందో, ఎక్కడ వంజరం దొరుకుతుందో, ఎక్కడ కానాగంతలు గుంపుగా తిరుగుతాయో వారి లెక్క వారికుంది. జీపీఎస్ వచ్చాక కుర్రవాళ్ళకు ఆ గుర్తులు అక్కరలేకపోతున్నాయి. వాటిని చెప్పగలిగిన పెద్దలు ఉన్నప్పుడే మన కాలేజీ పిల్లలు వెళ్ళి రాసుకుంటే మేలు. ఒడ్డు నుంచి ఊరంతా కలిసి లాగే అలివి వల కూడా తగ్గిపోయింది. దానికి చేతులు కావాలి, చేతులు విశాఖ ఫ్యాక్టరీలకు వెళ్ళిపోయాయి.

మాఘ పౌర్ణమి నాడు భీమిలికి వచ్చి చూస్తే ఈ ఊరు బీచ్ కాదన్న సంగతి మీకే తెలుస్తుంది. తెల్లవారకముందే ఆనందపురం, పద్మనాభం, భోగాపురం వైపు పల్లెల నుంచి జనం దిగుతారు. ఒకప్పుడు ఎడ్లబళ్ళు, ఇప్పుడు ఆటోలు, ట్రాక్టర్లు. నదిలో ఒకసారి, సముద్రంలో ఒకసారి మునుగుతారు. ఆడవాళ్ళు సముద్రానికి పసుపు కుంకుమ ఇస్తారు, తడి ఇసుకతో లింగం చేసి దీపం పెడతారు. ఆ లింగం మీద అల వచ్చి తీసుకుపోతేనే పూజ అందినట్టు. స్నానం అయ్యాక కొండ ఎక్కి నరసింహస్వామిని, కింద భీమేశ్వరుణ్ణి చూసుకొని, పిల్లలకు చెరుకు గడలు కొనిపెట్టి, గవ్వలు మూట కట్టుకొని మధ్యాహ్నానికి వెళ్ళిపోతారు. వీరెవరూ సముద్రాన్ని చూడటానికి రారు, సముద్రానికి ఇవ్వవలసినది ఇచ్చి వెళ్ళడానికి వస్తారు. ఆ జనసమ్మర్దంలో రిసార్టు కిటికీలోంచి ఫోటో తీసుకునేవాడు కొంచెం ఇబ్బందిగా కనిపిస్తాడు, అది కూడా మంచిదే.

ఇక ఎర్రమట్టి దిబ్బల గురించి నాలుగు మాటలు. ఊరికి దక్షిణంగా, విశాఖ దారిలో ఉన్న ఆ దిబ్బలను సినిమా పాటల చిత్రీకరణ స్థలంగానే చాలామంది ఎరుగుదురు. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి ఎత్తి తీరం మీద పోసింది. ఆ ఇసుక రేణువుల చుట్టూ వేల సంవత్సరాలలో ఇనుప తుప్పు పొరలా పట్టి ఎరుపు వచ్చింది. తర్వాత వానలు దానిని లోతుగా కోసి గోడలుగా నిలబెట్టాయి. భారత భూవిజ్ఞాన సర్వే దానిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. ఒకసారి తవ్వి లారీలో ఎక్కించుకున్న దిబ్బ మళ్ళీ పెరగదు, ఎందుకంటే మరో మంచుయుగం దాకా మనలో ఎవరమూ ఉండము. అంచుల దాకా ప్లాట్లు వేసేవారికి ఈ లెక్క తెలిసినా తెలియనట్టే ఉంటున్నారు.

భోగాపురం విమానాశ్రయం, బీచ్ రోడ్డు వెడల్పు, హోటళ్ళు, వీటి వల్ల మళ్ళీ భీమిలికి డబ్బు వస్తోంది. దాన్ని నేను తప్పుపట్టను, ఈ ఊరు పుట్టిందే బయటివాళ్ళు వచ్చిపోవడం మీద. రేవు నాటి డబ్బులో పడవవాడికీ, కరక్కాయ ఏరిన మన్యపు మనిషికీ ఎంతో కొంత కూలి ముట్టింది. ఇవాళ్టి బీచ్ డబ్బులో జాలరి పేటకు ముడుతున్నది ఏమిటని మాత్రం అడుగుతున్నాను. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న ఈ తీరాన్ని దాటినప్పుడు ముందు పోయినవి ఒడ్డున ఉన్న పడవలూ వలలూ. అలలకు దగ్గరగా ఉండే హక్కు తరతరాలుగా ఎవరిదో, నష్టమూ వారిదే. ఇప్పుడు ఆ నేల విలువ పెరిగేసరికి వారి గుడిసెలు చూపుకు అడ్డమట!

చాలాసేపు మాట్లాడాను. మిగిలినది చూడవలసినదే గానీ చెప్పవలసినది కాదు. రేపు ఉదయం ఆరు గంటలకు గంటస్తంభం దగ్గర కలుద్దాం. డచ్చి సమాధులు చూసుకొని, ఎండ ముదరకముందే పావురాళ్ళ కొండ ఎక్కుదాం. మోకాళ్ళ నొప్పులున్నవారు కింద భీమేశ్వరాలయంలో ఆగవచ్చు. తాగే నీళ్ళు మాత్రం ఎవరివి వారే తెచ్చుకోండి, కొండ మీద తొట్లలో రెండు వేల ఏళ్ళుగా నిలిచేది వాన నీరే.

నమస్కారం.